వాయిదా చాటున దాగిన వడ్డీ

గృహ ఋణాల ప్రకటనలలో వడ్డీ రేటు, నెలసరి వాయిదా పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. ఇరవై యేండ్లలో మన జీతం నుండి తరలిపోయే మొత్తం ఎంతో కనిపించదు. కౌంటరు లెక్కలో రూపాయి తగ్గితే రాత్రి దాకా వెదికే మనమే, సొంత అప్పు పత్రంపై చదవకుండా సంతకం చేస్తున్నాము. ఇది చెప్పుకొనుటకు సిగ్గుగానే ఉన్నది.

2022 ఏప్రిల్ నాటి లెక్క చూడండి. బ్యాంకు అప్పు 20 లక్షలు, వడ్డీ 6.7 శాతం, గడువు 20 యేండ్లు అనుకొందాము. వాయిదా 15,148 రూపాయలు. రేటు చివరి దాకా కదలకున్నను వడ్డీయే 16.35 లక్షలు. 2022-23లో కేంద్ర ఉద్యోగులకిచ్చిన గృహ నిర్మాణ అడ్వాన్సుపై వడ్డీ 7.1 శాతం. రేటు ఎక్కువని పెదవి విరవకండి. అది బారువడ్డీ. మొదట అసలును 180 వాయిదాలలో, నెలకు 11,111 చొప్పున మినహాయిస్తారు. తరిగే అసలుపై లెక్కించి ప్రక్కన ఉంచిన వడ్డీని ఆ తరువాత 60 వాయిదాలలో రాబడతారు. ఆ వడ్డీపై మరల వడ్డీ లేదు. కనుక అదే 20 లక్షలకు మొత్తం వడ్డీ 10.71 లక్షలే. రేటు హెచ్చయినను భారం అయిదున్నర లక్షలకు పైగా తగ్గినది!

బ్యాంకు రేటైనను నిలిచినదా? 2022 మే నెలలో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయినది. రెపోతో ముడిపడిన మన ఉదాహరణలోని అప్పు 9.2 శాతానికి చేరుతుంది. అప్పుడు ఆ 15,148 దాదాపు అంతా వడ్డీకే సరి. వాయిదా పెరగలేదని సంతోషించినవారికి గడువు పెరిగినది. వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్న ఎంపిక అప్పు తీసుకొన్నవారికి ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో గాని ఆదేశించలేదు. ఇక ప్రాసెసింగు ఫీజు, న్యాయవాది రుసుము, విలువ కట్టినవారి రుసుము, తాకట్టు స్టాంపు, అప్పుకు తగిలించే బీమా వేరు. సంతకానికి ముందే వీటన్నిటిని వ్రాతపూర్వకంగా అడగండి.

చౌకైన అడ్వాన్సు ఉండగా బ్యాంకు గడప ఎందుకు త్రొక్కుతున్నాము? అసలు తగవు ఇక్కడనే ఉన్నది. 2017 నిబంధనలు అడ్వాన్సును 34 నెలల మూలవేతనానికి లేదా 25 లక్షలకు, ఏది తక్కువైతే దానికి, బిగించినవి. ఏడవ వేతన సంఘపు శ్రేణులలో మొదటి స్థాయిలో చేరి అయిదేండ్లు నిండిన ట్రాక్‌మన్ మూలవేతనం 20,900. అతనికి దక్కేది 7,10,600. మూడవ స్థాయి పోస్టుమాన్‌కు 25,200 పై 8,56,800. ఈ సొమ్ముకు ఏ పట్టణంలో ఇల్లు వస్తుంది? పూర్తి 25 లక్షలు అందుకోవాలంటే మూలవేతనం 73,500 దాటవలెను. పై అధికారికి చౌక అప్పు, పట్టాలపై చెమటోడ్చేవానికి ఖరీదైన అప్పు! ఇదేమి సంక్షేమం?

చిన్న జీతగానికి తిరిగి చెల్లించే శక్తి లేదని జవాబు వస్తుంది. అతని జీతపు చీటీనే చూచి బ్యాంకు అప్పు ఇస్తున్నది కదా! ఆ శక్తి వడ్డీ వ్యాపారికి కనిపించి, పని చేయించుకొనే ప్రభుత్వానికి ఎందుకు కనిపించదు? క్రింది స్థాయిల ఉద్యోగులకు 34 నెలల గీత తొలగించి, ఇంటి ఖరీదును బట్టి అడ్వాన్సు మంజూరు చేయవలెనని మేము కోరుతున్నాము.