ఏ చేను మేస్తోంది?

రెండేళ్ల క్రితం మా పిన్నికి ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారింది. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి. మొదట చూపించిన చోట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అని చెప్పి మందులు మొదలుపెట్టారు. ఐదు నెలలకే మళ్లీ అటాక్ వచ్చింది. ఈసారి నడుం కింద స్పర్శే లేదు. రెండో డాక్టరుగారు ఒక రక్తపరీక్ష రాశారు, పాజిటివ్ వచ్చింది. జబ్బు పేరు మారింది, మందు కూడా మారింది. పోయిన చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

"అసలేం జబ్బురా అది?" అని అమ్మమ్మ అడిగింది. నేను చదివిందంతా ఇంగ్లీషులోనే కాబట్టి ఒక నిమిషం నోట మాట రాలేదు. చివరికి "కంచే చేను మేస్తోంది అమ్మమ్మా" అన్నాను. వెంటనే ఆవిడ "ఏ చేను?" అంది.

ఆ టెస్ట్ అడిగేదీ సరిగ్గా అదే! మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీలు మన మీదే తిరగబడితే వాటిని ఆటోయాంటీబాడీలు అంటారు. కరెంటు వైరుకి ప్లాస్టిక్ తొడుగులాగా మెదడు, వెన్నుపాముల్లోని నరాలకి మైలిన్ పొర ఉంటుంది. మాగ్ అనే ప్రోటీన్ ఆ పొర మీదే ఉంటుంది. దాని మీద దాడి జరిగితే అదొక జబ్బు. ఆస్ట్రోసైట్ కణాల మీద నీటిదారిలా ఉండే ఆక్వాపోరిన్-4 మీద దాడి జరిగితే అది ఎన్.ఎం.ఓ. పిన్నిది ఇదే. ఇందులో మైలిన్ తర్వాత దెబ్బతింటుంది. ఎం.ఎస్.కి ఇలా గుర్తుపట్టే ఒకే ఒక్క యాంటీబాడీ అంటూ లేదు.

ఫ్రాన్స్‌లో డెవిక్ 1894లోనే ఎన్.ఎం.ఓ. గురించి రాశాడు. అయినా చాలాకాలం చాలామంది దాన్ని ఎం.ఎస్.లో ఒక రకమనే అనుకున్నారు. 2004లో యాంటీబాడీ, 2005లో అది దాడి చేసే ప్రోటీన్ దొరికాకే లెక్క తేలింది. ఇంటర్ఫెరాన్ బీటా, ఫింగోలిమోడ్ లాంటి ఎం.ఎస్. మందులు ఎన్.ఎం.ఓ.ని ఇంకా ముదిరేలా చేయొచ్చు. రెండు ప్రోగ్రాములు ఒకే ఎర్రర్‌తో క్రాష్ అయ్యాయని రెండిటికీ ఒకే ప్యాచ్ వేస్తామా?

అలాగని అందరికీ టెస్ట్ చేసేద్దాం అనడం లేదు. మన ప్రాబబిలిటీ క్లాసు గుర్తుందా? వెయ్యిమందిలో ఐదుగురికే జబ్బుంది, టెస్ట్ వందలో ఇద్దరికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది అనుకుందాం. ఐదుగురు అసలు పేషెంట్ల పక్కన ఇరవై మంది ఉత్తుత్తి పేషెంట్లు తయారవుతారు. మాగ్ టెస్టులో తక్కువ స్థాయి పాజిటివ్‌లతో ఈ ఇబ్బంది నిజంగానే ఉంది.

కానీ చూపు బాగా దెబ్బతిన్నా, వెన్నుపాములో మూడు వెన్నుపూసల పొడవుకి మించి వాపు కనిపించినా, ఎం.ఎస్. అని ముద్ర వేసేముందు ఈ టెస్ట్ చేయాల్సిందే అని నా అభిప్రాయం. అదీ వీలైతే సెల్ బేస్డ్ పద్ధతిలో. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి. మేము అడగలేదు. అడగాలని మాకు తెలియదు.