ఎవరూ చూడకపోతేనే పనిచేసే పవర్

మాయమైపోయే పవర్ రోల్‌ప్లే గేముల్లో పాతదే. దానికంటే తమాషా అయినది ఇంకోటుంది: ఎవరూ చూడనప్పుడే పనిచేసే పవర్. 1988 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 3లో 'బూ' దెయ్యం గుర్తుందా? మారియో చూస్తే మొహం కప్పుకుని ఆగిపోతుంది. వీపు తిప్పాడా, వెంటపడుతుంది.

దీనికి అసలు మోడల్ మన నల్లమలలోనే ఉంది. మార్కాపురం వైపు అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో భాగం. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద రిజర్వు అదే. పులి చాలాదూరం తరిమి వేటాడదు. నక్కి నక్కి దగ్గరికొచ్చి దూకుతుంది. జింక ముందే చూసి అరిచిందంటే వేట చెడినట్టే. 1986లో సుందరబన్స్‌లో అడవికి వెళ్లేవాళ్లు తల వెనక మనిషి మొహం మాస్కులు తగిలించుకున్నది అందుకే. 'వీడు నన్నే చూస్తున్నాడు' అని పులి అనుకోవాలి!

మీ గేమ్‌లో ఈ పవర్ పెట్టాలంటే మూడు సంగతులు ముందే తేల్చుకోండి.

ఒకటి, చూడటం అంటే ఏంటి? అడవిలో కెమెరా ట్రాప్ వేడిని, కదలికను పసిగట్టి ఫొటో తీస్తుంది. పులికి రెండు పక్కలా చారలు వేరు కాబట్టి కెమెరాలు ఎదురెదురుగా పెడతారు. కానీ ఆ ఫొటోను మనిషి చూసేది ఎప్పుడో తర్వాత. అందుకే నా ఓటు ఇలా: ఆ క్షణంలో చూసే కళ్లే లెక్క. కెమెరా పవర్‌ని ఆపదు, సాక్ష్యం మిగులుస్తుంది. వచ్చే వారం కథ అక్కడే మొదలవుతుంది.

రెండు, ఎవరి చూపు? అసలు చిక్కు ఇక్కడే. సొంత టీమ్ చూసినా పవర్ పోతుందంటే హీరో ప్రతిసారీ ఒంటరిగా వెళ్తాడు. మిగతా నలుగురూ ఫోన్లో రీల్స్ చూసుకుంటారు. ఆట చచ్చిపోతుంది. కాబట్టి వాళ్లకూ పని పెట్టండి. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్ రోడ్డు, రాత్రి, చెక్‌పోస్టు, ఇద్దరు కాపలా అనుకోండి. ఒకడు పంక్చర్ అయిందని ఒక కాపలావాణ్ని పక్కకి పిలుస్తాడు. ఇంకొకడు రెండోవాడి కళ్లలో టార్చి కొడతాడు. మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని మూడు లెక్కపెట్టాలి. ఏం జరుగుతుందో తెలీకుండా హీరోని నమ్మాలి.

మూడు, మధ్యలో ఎవరైనా చూస్తే? 'పవర్ ఫెయిల్' అని వదిలేయకండి. గేటు సగం లేచి ఆగిపోవాలి, హీరో దాని కిందే ఇరుక్కోవాలి. అప్పుడు డైస్ ఎవరు వేసినా టేబుల్ చుట్టూ అందరూ ముందుకి వంగుతారు.

ఈ ఆదివారం ఐదుగురు కూడితే చెక్‌పోస్టు సీన్ ఒక్కటే ఆడి చూడండి. కళ్లు మూసుకోవాల్సినప్పుడు దొంగచూపు ఎవరు చూస్తారో కనిపెట్టండి.