కట్టడానికి డబ్బుంది, కాపాడుకోవడానికేదీ?

"ఇంకా ఈ పెంకులేనా? స్లాబ్ వేయించెయ్యండమ్మా!" అరకులో మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అనే మాటే.

పోయినేడు పక్కింటి పిన్నిగారి స్లాబు ఉరిసింది. ఎక్కణ్ణుంచో తేలేసరికి వానలే వెళ్లిపోయాయి. మేస్త్రీ ఘాటు దిగువ నుంచి రావాలి మరి! మాకైతే పగిలిన పెంకు తీసి ఇంకోటి పెట్టడమే. మట్టిగోడ బీటలిస్తే నేనే పేడ కలిపి మెత్తుతాను.

2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లో పీవీటీజీ తెగలకు పక్కా ఇంటికి 2 లక్షలిస్తున్నారు. ఇల్లు లేనివాళ్లకు మంచిదే. కానీ ఉన్న ఇంటి పెంకులు సర్దుకోవడానికి అందులో పైసా లేదు.

కట్టడం ఒక్కసారి, కాపాడడం ఏటేటా. అలికేదీ మెత్తేదీ ఆడవాళ్లం కాబట్టేనా, ఆ పనికి లెక్క లేదు?