పాదరక్ష మీది సంతకము

1992వ సంవత్సరమున బార్సిలోనా ఒలింపిక్ క్రీడలందు బాస్కెట్‌బాల్ స్వర్ణపతకమును గెలుచుకొన్న అమెరికా జట్టు విజయవేదిక నెక్కినపుడు, ఆ జట్టులో మేటి ఆటగాళ్లనిపించుకొన్న కొందరు తమ దేశపతాకమును భుజము మీదుగా కప్పుకొని నిలిచిరి. చూచిన జనులకు అది దేశభక్తి పారవశ్యముగా తోచియుండును. కాని ఆ వేడుకలో ధరింపవలెనని ఇచ్చిన పైఅంగీ మీద రీబాక్ సంస్థ గుర్తు ఉండుటయు, మైకేల్ జోర్డాన్, చార్లెస్ బార్క్లీలు దానికి ప్రత్యర్థియైన నైకీకి ఒడంబడికతో కట్టుబడియుండుటయు, ఆ గుర్తు లోకమునకు కనబడరాదని వారు తలంచుటయు దాని వెనుకనున్న కారణములు. ఒక వర్తకుని గుర్తును మరియొక వర్తకుని కొరకు మరుగుపరుచుటకు దేశపతాకము తెర అయినది. ఇంతకంటె విచారకరమైన దృశ్యము క్రీడాచరిత్రలో అరుదని మా అభిప్రాయము.

ఈ స్థితి ఒక్కనాట ఏర్పడినది కాదు. జర్మనీ దేశమున హెర్ట్సొగెనౌరాఖ్ అను చిన్న పట్టణములో డాస్లర్ సోదరులిరువురు కలహించి వేరుపడి, ఒకరు అడిడాస్‌ను, మరొకరు ప్యూమాను స్థాపించిన నాటినుండి ఆటగాని పాదము వర్తకుల పోరునకు రంగస్థలమైనది. ఆ ఊరివారు ఎదుటివాని ముఖము చూచుటకు ముందు తలవంచి వాని బూట్లు చూచెడివారని ప్రతీతి. 1970లో మెక్సికో ప్రపంచకప్ పోటీలందు ఆట ఆరంభమగు తరుణమున పెలే వంగి తన బూటు దారములను తీరికగా ముడివేసికొనుచుండగా, కెమెరాలన్నియు ఆ ప్యూమా బూటు మీదనే నిలిచినవి; ఆ ముడికి ముందే బేరము కుదిరియున్నది. పిదప 1984లో, అప్పుడే చికాగో జట్టులో చేరిన జోర్డాన్‌తో నైకీ సంస్థ ఏడాదికి 5 లక్షల డాలర్ల చొప్పున అయిదేండ్లకు ఒడంబడిక చేసికొని, అమ్మకములో వాటాయు నిచ్చినది. అంతవరకు ఆటగాళ్లలో ఎక్కువమంది సంస్థవారి బూట్లు తొడిగికొని చూపెడివారు. ఈ మారు బూటుకే ఆటగాని పేరు పెట్టిరి. ఎరుపు నలుపు రంగుల బూట్లు నియమవిరుద్ధమని బాస్కెట్‌బాల్ లీగువారు అభ్యంతరము తెలుపగా, ఆ అభ్యంతరమునే నైకీవారు ప్రకటనగా మలచుకొనిరి. తొలి యేటి అమ్మకమే 12 కోట్ల డాలర్లను దాటినది. నేడు ప్రపంచమున క్రీడావస్తువుల వ్యాపారమంతయు నడచుచున్నది ఆ దారినే.

ఆటగాడు ధనమార్జించుట తప్పని మేమనము. అతని వృత్తిజీవితము సాధారణముగా పది పదునైదేండ్లకు మించదు. మోకాలు ఒక్కసారి బెణికినచో అదియు ముగియును. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పూసర్ల వెంకట సింధు 2019లో చైనాకు చెందిన లీనింగ్ సంస్థతో నాలుగేండ్లకు సుమారు 50 కోట్ల రూపాయల ఒడంబడిక చేసికొన్నదని పత్రికలు ప్రకటించినపుడు, మన ఆడపడుచు ఒకతె తన రెక్కల కష్టముతో ఇంతటిదయ్యెనని సంతోషించినవారిలో మేమును ఉన్నాము. అయినను, ఆ సంస్థ కొన్నది దేనిని? రాకెట్టు పట్టు చేతి బలమును కొనుట ఎవరి తరమును కాదు. చిన్ననాట సాధనకై ప్రతిదినము ఇంటినుండి శిక్షణకేంద్రమునకు 56 కిలోమీటర్ల రాకపోకలు సాగించిన బాలిక పట్టుదల, వాలీబాల్ ఆటగాడైన తండ్రి త్యాగము, గురువు శిక్షణ, 2016 ఆగస్టులో రియో తుదిపోటీనాడు టెలివిజన్ల ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న లక్షలాది కుటుంబముల మమకారము, ఇవన్నియు కలిసి ఆమె పేరైనది. కొనబడినది ఆ పేరు. దానిలో ప్రజల పాలు కూడ ఉన్నది గనుకనే, దానిని ఏ వస్తువు మీద అచ్చువేయుదురో అడుగు హక్కు ప్రజలకు కలదు.

ఈ సత్యమును మాటలతో గాక చేతలతో చూపినవాడు ఆమె గురువైన పుల్లెల గోపీచంద్. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేతయైనాడు. ప్రకాశ్ పదుకోన్ 1980లో గెలిచిన పిమ్మట ఆ కిరీటము భారతీయునికి దక్కుట అదియే మొదలు. ఆ వెంటనే ఒక శీతలపానీయ సంస్థ ప్రకటనలో కనబడవలెనని కోరగా, తాను త్రాగని పానీయమును పిల్లలను త్రాగుమని చెప్పజాలనని ఆయన నిరాకరించెను. ఆయన ధనము అక్కరలేని సంపన్నుడు కాడు. తరువాత గచ్చిబౌలిలో శిక్షణాలయమును నిర్మించు వేళ ఇంటిని తాకట్టు పెట్టవలసిన వాడాయన. ఆ తాకట్టు సంగతి తెలిసినవారికే ఆ నిరాకరణము విలువ తెలియును.

మన పల్లెలలో అప్పుపత్రము మీద జామీను సంతకము చేయుట ఎంతటి బరువైన పనియో పెద్దలకు తెలియును. ఆ అప్పులో దమ్మిడీ తిననివాడైనను, పూచీ పడినవాడు రేపు చావడిలో జవాబు చెప్పవలసినదే. ఆటగాడు వస్తువు మీద తన పేరు వేయనిచ్చుట సరిగా అట్టి పూచీయే. ఏ పట్టణములోనైనను ఒక సాయంకాలము బూట్ల అంగడి ముందు నిలిచి చూడుడు. పదుమూడేండ్ల పిల్లవాడు గోడ మీది ఆటగాని నిలువెత్తు చిత్రమును చూపి, అవే కావలెనని తండ్రి చేయి లాగుచుండును. తండ్రి పెట్టె నందుకొని అడుగున నతికించిన ధరచీటీని చదివి, మాట రాక మరల దానిని తిప్పి చూచి, లోపలి బూటును తీసి అడుగుభాగమును బొటనవ్రేలితో నొక్కి చూచును. ఆ బూటు ఎన్నాళ్లు మన్నునో అతనికి తెలియదు. కొడుకునకు తెలిసినది పేరొక్కటే. చివరకు నెలజీతములో అయిదవవంతు చెల్లించి అతడు కొనునది ఆ పేరు మీది నమ్మకమును. నమ్మకమును అమ్మినవాడు వస్తువు పుట్టుక నాకు తెలియదని తప్పించుకొనుట న్యాయము కాదు.

వస్తువు పుట్టుక అనగా దానిని కుట్టిన చేతులు. పాకిస్థాన్‌లోని సియాల్‌కోట్ పట్టణము చేతికుట్టు ఫుట్‌బాల్ బంతులకు జగత్ప్రసిద్ధము. దేశవిభజన వేళ అక్కడినుండి తరలివచ్చిన వారి వల్లనే మన జాలంధరునకు ఆ వృత్తి అబ్బినది. ఇరువది షట్కోణములు, పండ్రెండు పంచకోణములు, మొత్తము ముప్పదిరెండు ముక్కలు. కొయ్య బిగింపును మోకాళ్ల నడుమ ఇరికించుకొని, రెండు సూదులతో మైనము పూసిన దారమును ఎదురెదురుగా లాగి బిగించుచు, ఆరు వందలకు మించిన కుట్లు వేసినగాని ఒక బంతి తయారు కాదు. దారము వ్రేళ్లను కోయును. చీకటిగదులలో చూపు మందగించును. 1996 జూన్‌లో అమెరికాలోని లైఫ్ పత్రిక, గంటకు ఆరు సెంట్లు అను శీర్షిక క్రింద, నైకీ గుర్తుగల బంతిని కుట్టుచున్న ఒక బాలుని చిత్రము ప్రచురించినది. ఆ బాలుడు ఆడుకొనవలసిన వయసులో బంతిని కుట్టుచున్నాడు. ఆ చిత్రము చూచి లోకము ఉలికిపడినది. మరుసటి యేడు బంతుల తయారీదారులును, అంతర్జాతీయ కార్మికసంస్థయు, యూనిసెఫ్ సంస్థయు కలిసి అట్లాంటాలో ఒడంబడిక చేసికొని బాలలను ఆ పనినుండి తప్పించుటకు పూనుకొనిరి.

ఆ సమయముననే ఆసియా దేశములలోని కర్మాగారముల పరిస్థితిని గూర్చి జోర్డాన్‌ను విలేకరులు ప్రశ్నింపగా, తన పని తాను చేసికొనుచున్నాననియు, సంస్థ తగినట్లు చేయునని ఆశించుచున్నాననియు అన్న భావమున ఆయన సమాధానమిచ్చెను. ఆట యందు అంతటివాడు బాధ్యత యందు అంత చిన్నమాట పలుకుట మాకు బాధ కలిగించుచున్నది. ఆయన ఒక్క ప్రశ్న వేసియున్నచో సంస్థ కదలక తప్పెడిది కాదు. కదలించినవారు వేరు: విద్యార్థులు, కార్మికసంఘములు, కొనుగోలుదారులు. 1998 మే నెలలో నైకీ అధిపతి ఫిల్ నైట్ వాషింగ్టన్ నగరమున పత్రికల వారి ఎదుట నిలిచి, తన సంస్థ పేరు బానిసకూలికిని, బలవంతపు అదనపు పనికిని మారుపేరైపోయినదని స్వయముగా ఒప్పుకొని, బూట్ల కర్మాగారములందు పదునెనిమిదేండ్లు నిండనివారిని చేర్చుకొనబోమని ప్రకటించెను. 2005లో ఆ సంస్థ తన వస్తువులు తయారగు కర్మాగారముల పట్టికను బహిర్గతము చేసినది.

ఆటగాడు నోరు విప్పినచో ఫలితముండునా అని సందేహించువారికి అల్లిసన్ ఫెలిక్స్ కథయే సమాధానము. అప్పటికి ఆరు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ఆ పరుగుల రాణి ఒడంబడికను పునరుద్ధరించుకొను వేళ, నైకీ సంస్థ మునుపటి కంటె నూటికి డెబ్బది వంతులు తగ్గించి ఇచ్చెదననెను. ప్రసవమునకు ముందు వెనుకల మాసములలో పరుగు మందగించినను ప్రతిఫలము తగ్గింపరాదని ఆమె కోరగా ఆ హామీ దొరకలేదు. తల్లియగుట ఒప్పందభంగముతో సమానమైనది! ఆమె 2019 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ సంగతిని బయటపెట్టెను. మూడు నెలలు తిరుగకముందే, గర్భవతులైన క్రీడాకారిణుల ప్రతిఫలమును పదునెనిమిది మాసములపాటు తగ్గింపబోమని అదే సంస్థ నియమము మార్చుకొన్నది. 2021లో టోక్యో క్రీడలందు ఫెలిక్స్ తాను స్వయముగా నెలకొల్పిన సంస్థ బూట్లు తొడిగి పరుగెత్తి పతకములు గెలిచినది. నోరు విప్పిన ఆటగాళ్ల మాటకు గల బలమిది. తన కొరకు అడుగగలిగినవారు తమ బూట్లు కుట్టువారి కొరకు అడుగలేరా?

మన చట్టము ఈ పూచీని సగము మేరకు గుర్తించినది. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము అసత్యప్రకటనలో పాలుపంచుకొన్న ప్రసిద్ధవ్యక్తికి 10 లక్షల రూపాయల వరకును, మరల అదే తప్పు చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధింపవచ్చును. మొదట ఏడాది, పిమ్మట మూడేండ్ల వరకు ప్రకటనలలో కనబడకుండ నిషేధింపను వచ్చును. ప్రకటనలోని మాట నిజమా యని తగిన శ్రద్ధతో విచారించితినని నిరూపించుకొన్నవానికి మాత్రమే మినహాయింపు. అనగా ‘నాకు తెలియదు’ అనుటను చట్టము సమాధానముగా అంగీకరింపదు. అయితే ఆ విచారణ వస్తువును గూర్చి చెప్పిన మాటల వరకే పరిమితము. వస్తువును చేసినవారి కూలి, పనిగంటలు, ఆరోగ్యము దాని పరిధిలోనికి రావు. ఈ లోటును పార్లమెంటు పూరింపవలెను. భారతదేశమున అమ్ముడగు క్రీడావస్తువునకు పేరిచ్చు ప్రతి ఒడంబడికలోను, ఆ వస్తువు ఏ ఊర, ఏ కర్మాగారమున, ఎంత కూలికి తయారగునో ప్రకటింపవలెనన్న నిబంధన ఉండి తీరవలెను. ఆటగానికి ఇవన్నియు విచారించు తీరిక ఎక్కడిదని కొందరు వాదింతురు. చెల్లింపు తేదీలను, చిత్రీకరణ దినములను, టోపీ మీది గుర్తు కొలతలను సైతము వ్రాయించుకొనుటకు వారికి న్యాయవాదులున్నారు, ప్రతినిధులున్నారు. వందవాక్యముల పత్రములో ఇంకొక వాక్యము చేర్చుట భారమగునా?

ఈ విషయము ఎక్కడనో సియాల్‌కోటులోనో వియత్నాములోనో ఉన్నదని మన పాఠకులు భావింపరాదు. తిరుపతి జిల్లా తడ సమీపమున మాంబట్టు అను ఊరిలో అపాచీ సంస్థ కర్మాగారమున తయారగునవి అడిడాస్ బూట్లు. చుట్టుపట్ల పల్లెల యువతులు వేలసంఖ్యలో అక్కడ పని చేయుచున్నారు. వారి స్థితి మంచిదనిగాని చెడ్డదనిగాని తీర్పు చెప్పుట ఇక్కడ మా ఉద్దేశము కాదు. 2023 జూన్ నుండి భారత క్రికెట్ జట్టు దుస్తుల మీద ఉన్నవి అదే అడిడాస్ మూడు గీతలు. హైదరాబాదు గల్లీలలో ఆడి పెరిగిన మన సిరాజ్ బంతి విసరుటకు పరుగెత్తి వచ్చునపుడు కోట్లమంది చూచునవి ఆ గీతలనే. ఆ గీతలు ధరించినవారిని, వారికి ఆ దుస్తులు తొడిగించిన క్రికెట్ బోర్డును మేమడుగునది ఇంతే: మీ పేరుతో అమ్ముడగు బూటును కుట్టిన యువతికి నెలకు ఎంత ముట్టుచున్నది, ప్రసవమైనచో ఆమె ఉద్యోగము నిలుచునా, ఈ రెండు సంగతులు మీరెన్నడైన విచారించితిరా?

తదుపరి ఒడంబడిక మీద సంతకము చేయుటకు ముందు ఒక్క దినము కేటాయించి మాంబట్టునకు పోయి రండని మన క్రీడాకారులందరికి విజ్ఞప్తి చేయుచున్నాము. తడ చెన్నపట్టణమునకు పోవు జాతీయరహదారి మీదనే ఉన్నది. చెన్నపట్టణ విమానాశ్రయమునుండి కారులో సుమారు రెండు గంటల ప్రయాణము.