వసతిగృహమునకు రంగుపూత చాలునా?

కళాశాలకు పరిశీలక సంఘము వచ్చుచున్నదని తెలిసినంతనే పాత వసతిగృహమునకు యోగము పట్టును. ముందరి గోడకు రంగు, ద్వారమునకు క్రొత్త నామఫలకము, మెట్ల ప్రక్కల పూలకుండీలు అమరును. సంఘము వచ్చును, పోవును. తొలకరి కురియగనే విద్యార్థి తన పుస్తకములను కారని మూలకు జరుపుకొనును. పైన పటారము, లోన లొటారమను సామెత కింతకంటె తగిన తావు వేరొకటి కలదా?

అధికారుల నడిగిన ఒక్కటే ఉత్తరము: ధనము లేదు. ధనము కొంచెమనుట నిజమే. కాని రంగునకు దొరకిన ధనము కప్పునకు దొరకలేదను వాదము ఏ న్యాయస్థానమునను నిలువదు. ఇది దారిద్ర్యము కాదు; వివేకలోపము.

పాతకట్టడములకు మొదటి శత్రువు నీరు. మిద్దెమీది తూము ఆకులతో పూడుకొనును. నీరు నిలుచును. పిట్టగోడ సందున రావిమొలక పుట్టి వేరు పాదుకొనును. చెమ్మ దూలములకు దిగును. చెదలు దానిని వెంబడించును. వానలకు ముందే తూము శుభ్రపరచి, మొలకను వేరుతో పెకలించుటకు ఇద్దరు కూలీలు చాలుదురు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చి, పిమ్మట 'భవనము శిథిలమైనది, పడగొట్టవలయు'నని తీర్మానించుట ఎవరి మేలునకు? విద్యార్థి మేలునకా, గుత్తేదారుని మేలునకా?

రెండవ పొరపాటు సిమెంటు. సున్నముతో కట్టిన గోడ తనలోని చెమ్మను మెల్లగా వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోననే చిక్కువడి, పూత పెచ్చులుగా ఊడును. కొన్నేండ్లకు మరల అదే పని, మరల అదే బిల్లు! సున్నపు గోడకు సున్నమే మందు.

మూడవది ప్రాణములకు సంబంధించినది. గదికొక దీపమునకును పంకాకును వేసిన పాత తీగలపై నేడు లాప్‌టాపులు, చార్జర్లు, నీళ్లు కాచు హీటర్లు ఆధారపడియున్నవి. రంగు వెలసిన గోడ ఎవరిని చంపదు. కాలిన తీగ చంపును.

కావున కొంచెపు ధనమునకు క్రమమిది: ముందుగా కప్పు, తూములు, విద్యుత్తు తీగలు, తరువాత నీటి గొట్టములు, మరుగుదొడ్లు, అటుపై తలుపులు, కిటికీలు, కట్టకడపట రంగు. కప్పును తీగలను భవనమంతటను ఒక్కమారు చక్కబెట్టి, తక్కిన పనులను ప్రతి వేసవి సెలవులలో ఒక్కొక్క భాగమున పూర్తిచేయవచ్చును. అంచనాలను, బిల్లులను భోజనశాల తలుపున అంటింపుడు. సంఘమున విద్యార్థులకు చోటిండు. కారుచోటు పండుకొనువానికి తెలిసినట్లు ఇంజనీరునకు తెలియదు.

పట్టణమున అద్దెగది తీసికొనగల కలవారి బిడ్డకు వసతిగృహము కురిసిన నేమి? పల్లెనుండి వచ్చిన కూలివాని బిడ్డకు అదియే ఇల్లు. అది మూతవడిననాడు వాని చదువును మూతవడును. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములందు వందేమాతరము పాడినందులకు విద్యార్థులు వెళ్లగొట్టబడిరి. వారిలో అనేకులు నాగపురమున చదువు సాగించిరి. 1991లో ప్రధానమంత్రియైన పి.వి.నరసింహారావును వందేమాతరము పాడినందులకే తన చదువును నాగపురమునకు మార్చుకొనవలసివచ్చెను. తరగతి గది పాఠము చెప్పును. భిన్నకులముల, భిన్నగ్రామముల యువకులను ఒక్కటిగా నిలిపినది వసతిగృహము. అట్టి చోటిని కూలనిచ్చుట జాతికి తగునా?

పూర్వవిద్యార్థులారా! మీ పేర శిలాఫలకమునకు కాదు, మీరు పండుకొనిన గది కప్పునకు విరాళమిండు. పౌరులారా! ఈ వానకాలమునకు ముందే మీ ఊరి వసతిగృహపు మిద్దె నెక్కి చూడుడు. తూము పూడియున్నచో, రంగునకైన ఖర్చెంతయని అడుగుడు.