షరియా షేర్లకు గండము తక్కువా?

మన పావగడ తాలూకాలో తిరుమణి చుట్టుపట్ల సేద్యగాండ్లు భూములను సోలార్ పార్కుకు గుత్తకిచ్చినారు. ఏడాదికి ఎకరాకు 21,000 రూపాయలతో ఆ గుత్త మొదలైనది. చెనిక్కాయను నమ్ముకొని మబ్బు వంక చూచిన ఇండ్లలోనికి ఏటేటా రొక్కము వచ్చుటతో, మిగిలినది ఎక్కడ పెట్టుదమన్న ఆలోచనయు వచ్చినది. వడ్డీ ముట్టని మన ముసల్మాను సోదరులకు ఇది మరింత చిక్కు. షరియా షేర్ల ఫండులో గండము తక్కువని ఒక మాట వినబడుచున్నది గనుక ఈ మాసము దానిని చూతము.

షరియా బుట్టలో బ్యాంకులు, సారాయి, జూదము, పందిమాంసము వ్యాపారములుండవు. అప్పు మితిమీరిన కంపెనీలను కూడ తీసివేయుదురు. డౌజోన్సువారు 1999లో ఇట్టి సూచీ నొకటి ప్రారంభించిరి. మన దేశములో 2009లో షరియా బీస్ వచ్చినది. ఏరగా మిగులునవి ఎక్కువగా ఐటీ, మందులు, నిత్యావసర వస్తువుల కంపెనీలు.

ఇక గండము. ఒక చేనికి పురుగు పట్టిన పక్క చేను దక్కవచ్చును. నాలుగు చోట్ల చేలున్నవాడు ఆ నష్టము నోర్చుకొనును. వానే లేకపోయిన నాలుగు చేలూ ఎండును. షేర్లలోను అంతే. బజారంతటికి వచ్చు కరువును ఎన్ని కంపెనీలు కొన్నను తప్పించుకొనలేము. దానిని కొలుచు కొలత పేరు బీటా. బజారు పది రూపాయలు పడినపుడు మన బుట్ట తొమ్మిదే పడిన బీటా 0.9. షరియా బుట్టల బీటా పలుమార్లు ఒకటికి కొంచెము తక్కువగా కనబడును. అప్పు తక్కువగా నుండుటయే దానికి ముఖ్య కారణమని మా అభిప్రాయము. 2008లో బ్యాంకులు కూలినపుడు, అవి లేని బుట్టలు ప్రపంచమంతట తక్కువ నష్టపోయినవి. కాని 2020 మార్చి 23న సెన్సెక్సు ఒక్కనాడే 13 శాతము పడినది. ఆనాడు ఏ బుట్టయు నిలువలేదు.

లాభము సంగతియు అట్టిదే. నిఫ్టీలో సుమారు మూడవవంతు బ్యాంకులు, అప్పులిచ్చు కంపెనీలే. 2022లో బ్యాంకుల సూచీ సుమారు 21 శాతము పెరుగగా, ఐటీ సూచీ సుమారు 26 శాతము పడినది. ఆ ఏడు వడ్డీ లేని బుట్ట వెనుకబడక ఏమగును? కొన్ని పంటలే వేసినవాని కష్టమది.

అయినను ఇది నిజమైన బుట్ట. బెంగళూరులో హలాల్ పేరుతో నెలనెలా లాభము పంచిన ఐ మానిటరీ అడ్వైజరీ 2019 జూనులో కూలి, వేలాది కుటుంబములు సొమ్ము పోగొట్టుకొన్నవి. దానికి బీటాతో పనియే లేదు. షేర్ల బుట్ట ఏదియు నెలకింత అని మాట ఇయ్యదు.

మ్యూచువల్ ఫండులు ఏ కంపెనీలో ఎంత పెట్టినదియు ప్రతి మాసము ప్రకటింపవలెను. ఆ జాబితా తెప్పించి, ఇంట చదువుకొన్న పిల్లలచేత చదివించి, ఐటీ ఎంత, మందులెంత అని కూడుకొన్న పిమ్మట గుత్త డబ్బు సంగతి చూడవచ్చును. వచ్చే ఏటి విత్తనములకు, పిల్లల చదువులకు కావలసినది మాత్రము అందులో కలుపరాదు.