పాత కాఫీపొడికి పరిమళం తిరిగి వచ్చునా?

చవకగా దొరికినదని కాఫీపొడి కిలో తెచ్చి డబ్బాలో పోసుకొనే ఇల్లాళ్ళలో నేనూ ఒకతెను. నెల తిరిగేసరికి డికాక్షన్‌కు రంగే మిగిలేది, సువాసన ఉండేది కాదు. పొడిని మూకుడులో వెచ్చజేశాను, ఏలకులు కలిపాను, చివరకు రెండింతలు వేశాను. చేదు పెరిగినదే గాని పరిమళం రాలేదు.

ఆ రోజులలోనే మా మామగారికి రాత్రులు నిద్ర కరవైనది. కారణం ఆ సాయంకాలపు కాఫీయేనని ఆలస్యంగా తెలుసుకున్నాను. గింజను వేయించినప్పుడు పుట్టే సుగంధం పొడి చేసిన నాటి నుండి గాలిలో కలిసిపోతుంది. వెచ్చజేస్తే మిగిలినదీ పోతుంది. కెఫీన్ మాత్రం ఎక్కడికీ పోదు. వాసన కోసం పొడి రెట్టింపు చేస్తే రెట్టింపయ్యేది కెఫీనే!

నిలవ ఆహారాన్ని ‘పర్యుషితం’ అని ఆయుర్వేదం నిరసించినది. కాఫీ ఆ ప్రాచీన గ్రంథాలు ఎరుగని పానీయమే అయినా, ఆ నియమం దీనికీ వర్తిస్తుందని నా అభిప్రాయం.

కనుక సోదరీమణులారా, పొడి వారానికి సరిపడా, నూరు గ్రాములే పట్టించుకోండి. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. పాతబడిన పొడి ఉంటే మామూలు కొలతకే వాడండి. చిటికెడు ఉప్పు వేస్తే చేదు కొంత అణగుతుంది. చెమ్మ తగిలి బూజు వాసన వేసే పొడిని సంకోచించక పారవేయండి.

పొదుపు కొనేటప్పుడు చూపవలసినది. చెడిన తరువాత చూపే పొదుపుకు మూల్యం ఇంటిల్లిపాది ఆరోగ్యమే.